అంగడినాడు జరీ కుట్టరాదు

వేగం అనే మాట వింటే నాకు ఇప్పటికీ అరికాలి నుంచి నడినెత్తి దాకా మండుతుంది. మొన్న పట్నంలో ఒక ఎంబ్రాయిడరీ దుకాణదారు తన కొత్త కరెంటు మిషన్ చూపించాడు. పక్కనున్న మీటను ఇటు తిప్పితే అది మెల్లగా నడిచింది, అటు తిప్పితే పరుగెత్తింది. "చూశారా, వేగం గురించి ఇక గొడవే లేదు" అన్నాడు. గొడవే లేదట! ఆ గొడవలో నా యవ్వనం, నా పరువు, మా అక్క బతుకు మూడూ ఒకే పూట ఒకే పీట మీద పడి నలిగాయి. అతనికి అదంతా చెప్పబోయాను. అతను మీట తిప్పుకుంటూ కూర్చున్నాడు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. మీటలున్నవాళ్ళు చదవకపోయినా నాకేం నష్టం లేదు.

నారాయణఖేడ్ బజారులో మా మేనమామకు బట్టల మీద పువ్వులు కుట్టే దుకాణం ఉండేది. అప్పటికింకా అంతా నిజాం రాజ్యమే. దుకాణం ఎంత విశాలమైనదంటే, నేను లోపలి గోడకు ఆనుకుని కాళ్ళు చాపితే బజారులో పోయే ఎడ్లు నా పాదాలను వాసన చూసేవి. అందులో రెండు కాలి మిషన్లు. అవి జహీరాబాదు దాకా రైల్లో, అక్కడి నుంచి ఎడ్లబండి మీద వచ్చాయి. మామ ఆ ప్రయాణం గురించి చెప్పడం మొదలుపెడితే దారిలో వాగులన్నీ ఉప్పొంగేవి, ఒక పులి అడ్డం వచ్చేది, చెప్పిన ప్రతిసారీ ఆ పులి మరో జానెడు పెరిగేది. పెంచి చెప్పడం మా ఇంటి జబ్బు. నాకు మాత్రం అంటలేదు. ఆ రెండు మిషన్లూ కలిసి మోగితే కోసుల దూరంలోని కల్హేర్‌లో బర్రెలు పాలు చేపేవి కావన్నది మాత్రం నిజం.

పని తెలియనివాళ్ళకు నాలుగు మాటలు చెప్పాలి. బట్టను కట్టె చట్రంలో డప్పులా బిగించి సూది కింద పెడతాం. కాలు పలకను తొక్కుతుంటే సూది దిగి లేస్తుంది. చేతులు చట్రాన్ని జరుపుతాయి. కాలు జోరుగా, చేయి మెల్లగా సాగితే కుట్టు మీద కుట్టు పడి పువ్వు కాస్తా పులిపిరి అవుతుంది. కాలు మెల్లగా, చేయి జోరుగా సాగితే కుట్లు వేలెడంత పొడుగై, గాజు తగిలితే చాలు లేచి వస్తాయి. నూలుదారం ఎంత తొక్కినా ఓర్చుకుంటుంది. పట్టుదారం అలుగుతుంది. జరీ మాత్రం దారమే కాదు, కొత్త అల్లుడు. కాస్త తొందర పెట్టామా, పైనున్న బంగారు రేకు ఒలుచుకుని, లోపలి పసుపు దారం బయటపెట్టి, మీ ఇష్టం వచ్చింది చేసుకోండని కూర్చుంటుంది. పైగా జరీ సూది కంట్లో పట్టదు. దాన్ని కింద బాబిన్‌కు చుట్టి, బట్టను బోర్లించి, వెనకవైపు నుంచి కుట్టాలి. అంటే కుట్టినంతసేపూ కళ్ళకు కనిపించేది వెనక భాగమే. ముందు ఏం ఘోరం జరిగిందో తిప్పి చూసినప్పుడు కానీ తెలియదు.

మెల్లగా తొక్కడం సులువనుకునేవాళ్ళను వరసగా నిలబెట్టి వాళ్ళ చెవులు మెలేయాలనిపిస్తుంది. జోరుగా ఎవడైనా తొక్కుతాడు. దయ్యం పట్టినవాడు ఇంకా బాగా తొక్కుతాడు. మెల్లగా తొక్కితే చక్రం సగం తిరిగి, ఆగి, నీ మొహం ఒకసారి చూసి, వెనక్కి తిరుగుతుంది. వెనక్కి తిరిగిందా, దారం పుటుక్కుమంటుంది. అందుకని కాలికి ఒక తాళం కావాలి. ఆ తాళం మాకు గోడ అవతలి నుంచి వచ్చేది.

గోడ అవతల ఒక ముసలామె జొన్నరొట్టెలు చేసి అమ్మేది. బజారంతా ఆమెను అవ్వ అని పిలిచేది. ఆమె అరచేతులు రెండు చాటలు. పీట మీద పిండి ముద్ద పెట్టి తట్టడం మొదలుపెడితే ఆ చప్పుడు గోడలో దూరి, నేలబండలో దిగి, మిషన్ పలక మీదుగా తిన్నగా మా అరికాళ్ళలోకి ఎక్కేది. ఒక తట్టుకు ఒక తొక్కు. ఎవరూ నేర్పలేదు, ఎవరూ ఆపలేరు. పొద్దున, గిరాకీ పలచగా ఉన్నప్పుడు, ఆమె పొలాలకు పోయేవాళ్ళ కోసం నిమ్మళంగా పెద్ద పెద్ద రొట్టెలు తట్టేది. ఆ వేగానికి మా దుకాణంలో 'పెద్ద రొట్టె' అని పేరు. జరీ అప్పుడే కుట్టాలి. పొద్దెక్కాక చేతులు కాస్త జోరందుకునేవి. అది 'చిన్న రొట్టె', పట్టుపనికి. వారానికోసారి సంత కూడే అంగడినాడు మాత్రం చుట్టుపక్కల ఊళ్ళన్నీ ఒక్కసారే ఆకలేసి నారాయణఖేడ్ మీద పడేవి. ఆ రోజు ఆమె చేతులు కనిపించేవి కావు, వాటి చుట్టూ లేచే పిండి దుమారం మాత్రమే కనిపించేది. అది 'అంగడి రొట్టె'. ఆ వేగానికి నూలుదారం తప్ప ఏదీ నిలవదు. రుమాళ్ళు, దిండు గలీబులు ఆ రోజు పని. అంగడినాడు జరీ ముట్టరాదన్నది మా దుకాణం నియమం. ఆ నియమం పెట్టింది మా మామ. దయచేసి ఇది మరిచిపోకండి. నా కోపమంతా ఇక్కడే కట్టేసి ఉంది.

ఇక మా అక్క. ఆమెను నాగల్‌గిద్ద వైపు ఒక ఊళ్ళో ఇచ్చారు. కొన్నేళ్ళకు బావ ఇంకొకామెను తెచ్చుకున్నాడు. అక్కను వెళ్ళగొట్టలేదు, అంత తెలివితక్కువవాడు కాదు. వెళ్ళగొడితే కందిచేలో రెండు చేతులు తక్కువైపోతాయి. ఒకతె వంటింట్లో, ఒకతె చేలో ఉండాలని పంచాడు. వంటిల్లు కొత్తామెకు, చేను అక్కకు వచ్చాయి. ఒకరోజు అక్క కొడవలిని చేలోనే గుచ్చి, నడుచుకుంటూ నారాయణఖేడ్ వచ్చి, ఖాళీగా ఉన్న రెండో మిషన్ ముందు కూర్చుంది.

"ఇగ నేను ఈడికెల్లి లేవ" అంది.

లేవలేదు. నన్ను చూసి పని నేర్చుకుంది. చూసి నేర్చుకున్నది నాకంటే బాగా కుట్టడం మొదలుపెట్టింది. ఒక తమ్ముడికి ఇంతకంటే అవమానం ఉండదు. అయినా దాన్ని మింగాను, ఎందుకంటే ఆ మిషన్ ముందు కూర్చున్నప్పుడే నేను ఆమె మొహంలో మొదటిసారి వెలుగు చూశాను.

మామకు మాత్రం అక్క గొంతులో ముల్లు. బజారుకు ఎదురుగా కూర్చుని ఆడమనిషి మిషన్ తొక్కుతుంటే నలుగురూ నవ్వుతున్నారంటాడు. ఆ నలుగురి కోసం నేను బజారు ఈ కొస నుంచి ఆ కొస దాకా వెతికాను. ఒక్కరే దొరికారు, అది మామే.

ఇంతలో ఒక దొర ఇంట్లో పెళ్ళి వచ్చింది. ఊరేగింపు గుర్రం వీపు మీద కప్పడానికి ఎర్ర మఖ్మల్ గుడ్డ మా దుకాణానికి పంపారు. దాని నాలుగంచులా జరీతీగ కుట్టాలి. ఆ మఖ్మల్ ఎంత మెత్తనిదంటే, దాని మీద చేయి పెట్టి తీసిన తరువాత నా చేయి నాకే గరుకనిపించింది. మూడంచులు నేను కుట్టాను, పొద్దుటి వేళల్లో, పెద్ద రొట్టె వేగంలో. నాలుగో అంచు దగ్గర మామ చేయి అడ్డం పెట్టాడు.

"గిది మీ అక్క కుట్టనీ" అన్నాడు. "మంచిగ కుట్టిందనుకో, ఈడనే ఉంటది, మిషన్ దానికే. జరీ చెడగొట్టిందనుకో, బండెక్కి మొగనింటికి పోతది. నేను మీ బావకు కబురు పెట్టిన. రేపొస్తుండు."

"రేపు అంగడి మామా!"

"అయితే ఏంది?"

"అంగడినాడు జరీ ముట్టొద్దని నువ్వే అంటివి గదా!"

"గది కాళ్ళల్ల బలం లేనోళ్ళకు. మా అక్క గింత గట్టిది, గంత గట్టిదని రోజూ గప్పాలు కొడ్తవ్ గదా. చూద్దాం."

అప్పుడు నా ఒంట్లో రక్తం ఎంత మరిగిందంటే, ఎవరైనా గిన్నె పట్టుకుని నిలబడి ఉంటే పప్పు ఉడికించుకుని పోయేవాళ్ళు. తను పెట్టిన నియమాన్ని తనే తీసి, దాన్ని ఉరితాడుగా పేని, మా అక్క మెడ కొలత చూస్తున్నాడు! నేను ఇంకా ఏదో అనబోతుంటే అక్క మధ్యలో దూరింది.

"కుట్టుత" అంది. "అంగడి గాదు, నెత్తి మీద పిడుగు వడ్డా కుట్టుత."

మా అక్క మొండితనం మీద కూడా నాకు కోపం వచ్చింది. ఆ రోజు నేను కోప్పడనిది ఒక్క గుర్రం మీదే.

తెల్లవారి బావ బండి వచ్చింది. ఎడ్లను విప్పి, బండిని సరిగ్గా మా దుకాణానికి ఎదురుగా, అక్క తలెత్తితే కనపడేటట్టు నిలిపాడు. బండిలో కొత్త గడ్డి పరిచి తెచ్చాడు. అక్క కూర్చోవడానికట! పెళ్ళాం మీద పెళ్ళాన్ని తెచ్చినప్పుడు కలగని సుకుమారం, బండిలో గడ్డి పరిచేటప్పుడు కలిగింది. ఆ గడ్డిని చూసిన కొద్దీ నాకు అగ్గిపెట్టె ఎక్కడుందా అని చేతులు తడుముకునేవి.

"బేగ కానీ" అన్నాడు బావ, వాళ్ళ కన్నడ సరిహద్దు యాసలో. "జల్దీ కుడ్తే జల్దీ పోదాం."

"కుడ్తే పోదు, చెడితేనే పోతది" అన్నాను.

"రెండూ ఒకటే గదా బామ్మర్దీ" అని నవ్వి, మామతో కలిసి ఎదుటి అరుగు మీద ఆకు నమలడానికి పోయాడు.

అక్క మఖ్మల్‌ను బోర్లించి, చట్రంలో బిగించి కూర్చుంది. పొద్దున అవ్వ చేతులు నిమ్మళంగానే ఉన్నాయి. తప్… తప్… తప్. అక్క కాలు దానితో పాటే దిగి లేస్తోంది. చక్రం గుడిలో ప్రదక్షిణం చేసినట్టు తిరుగుతోంది. నేను పక్క మిషన్ మీద రుమాళ్ళు కుడుతూ, ఒక కన్ను అక్క కాలి మీద, ఒక కన్ను గడ్డి మీద పెట్టాను. రుమాళ్ళ మీద పెట్టడానికి ఇక కన్ను మిగల్లేదు. ఆ రోజు నేను కుట్టిన గులాబీలు ఉల్లిగడ్డల్లా వచ్చాయి.

కాస్త పొద్దెక్కింది. అంగడి పోటెత్తింది. ఎడ్లు, మేకలు, మిరపకాయల బుట్టలు, కుండలు, వాటన్నిటి వెనక ఆకలి. అవ్వ చేతులు జోరందుకున్నాయి. తప్తప్ తప్తప్. అక్క కాలు కూడా.

"అక్కా, కాలు!" అన్నాను.

"నా కాలు నాకెరికే. నీ రుమాలు చూసుకో."

ఆమెకు ఎరుక లేదు. మెల్లగానే తొక్కుతున్నాననుకుంటోంది. చూసేవాడికి మిషన్ గుర్రం కంటే ముందు ఊరేగింపుకు బయలుదేరినట్టుంది. నేను లేచి వెళ్ళి చక్రాన్ని చేత్తో పట్టి ఆపాను. అరచేతి చర్మం లేచింది, లెక్క చేయలేదు. చట్రం తిప్పి చూశాం.

మొదట కుట్టిన భాగమంతా బంగారం. ఆ తరువాత జానెడు మేర రేకు ఒలిచిపోయి, పసుపు దారం పళ్ళికిలించి చూస్తోంది.

అక్క చట్రాన్ని తన వైపు లాక్కుంది. కత్తెర తీసి, ఆ జానెడూ కుట్టు కుట్టుగా విప్పింది. మఖ్మల్ దయగల గుడ్డ, సూది బెజ్జాలను తన నూగులో దాచుకుంటుంది. కానీ జరీ? ఉండ చూశాం. మిగిలిన అంచుకు సరిగ్గా సరిపోయేంత ఉంది. ఇంకొకసారి చెడితే పట్నం పోయి తేవాలి. మామ అప్పటిదాకా ఆగడు. ఎదుటి అరుగు మీద వాళ్ళిద్దరూ ఇంకా ఆకు నములుతున్నారు. ఇటు చూడలేదు.

"చెవులల్ల దూది పెట్టుకో" అన్నాను.

పెట్టుకుంది. లాభం లేదు. ఆ చప్పుడు చెవులతో వినేది కాదు. నేలబండలోంచి ఎక్కుతుంటే అరికాలికి దూది ఎక్కడ పెడతాం? నేను ఒక కట్టె తీసుకుని గోడ మీద మెల్లగా కొట్టి తాళం వేశాను. అక్క కాలు దాన్ని పట్టించుకోలేదు. ఇన్నాళ్ళుగా రొట్టె చప్పుడు తిని పెరిగిన కాలు, కట్టె చప్పుడును కుక్కను చూసినట్టు చూసింది. ఇక మిగిలింది అవ్వ. పరుగెత్తాను.

అవ్వ ముందు మనుషులు ఒకరి మీద ఒకరు ఎక్కి ఉన్నారు. వాళ్ళ భుజాల మధ్య నుంచి తల దూర్చాను.

"అవ్వా, జెర మెల్లగ కొట్టరాదు?"

"ఎందుకు బిడ్డా? బజార్ల ఎవరన్న సచ్చిన్రా?"

"అక్క జరీ కుడ్తుంది. నీ చప్పుడుకు కాలు ఉర్కుతున్నది."

"కాలు ఉర్కితే పట్టుకొని కట్టెయ్యి. గీ మంద కనవడ్తలేదా నీకు? పొద్దుగాల ఊర్లకెల్లి నడుసుకుంట వచ్చిన్రు. రొట్టె ఆలస్యమైతే నన్నే కాల్చుకొని తింటరు."

"ఒక్క గడియ అవ్వా! జరీ చెడితే అక్కను బండెక్కిస్తరు."

అవ్వ చేతులు ఆగలేదు, కానీ తల అటు తిరిగింది. మా దుకాణానికి ఎదురుగా నిలిచిన బండిని, దానిలోని గడ్డిని ఒకసారి చూసింది. తరువాత కుండలోంచి తలకాయంత పిండిముద్ద తీసి నా గుండె మీదికి విసిరింది. నా కొత్త అంగీ మీద జొన్నపిండి అచ్చు పడింది.

"ఇగో, తీసుకపో! నా చేతులు నా గిరాకీకే. మీ అక్క కాలుకు ఎట్ల గావాల్నో గట్ల నువ్వే కొట్టుకో. గా మూలకు పాత పీటున్నది, అదీ తీసుకపో. నా పానం తినకు."

ఆమె తిట్టింది, సందేహం లేదు. అయితే తిట్టుతో పాటు పీట కూడా ఇచ్చింది. నేను పిండిముద్దను బిడ్డలా ఎత్తుకుని, పీట నెత్తిన పెట్టుకుని దుకాణానికి వచ్చాను. అక్క నన్ను, పిండిని, పీటను వరసగా చూసింది. మిషన్ కింది బండను వేలితో చూపించింది.

"ఈడ కూసో. కొట్టు."

"నేనా?"

"నువ్వు గాకుంటే బావనా?"

ఒక్క సంగతి మీకు చెప్పాలి. అప్పటికి నాకు మీసాలు నిండుగా వచ్చి, పెళ్ళి మాటలు నడుస్తున్నాయి. కల్హేర్‌లో ఒక సంబంధం చూశారు. అలాంటి మనిషి, అంగడినాడు, నడిబజారులో, నేల మీద చతికిలబడి జొన్నరొట్టె తట్టాలి. ఇంతకంటే నన్ను గాడిద మీద ఎక్కించి ఊరేగించి ఉంటే గౌరవంగా ఉండేది.

తట్టాను. ముద్ద చీలి రెండైంది.

"గది రొట్టె గాదు, చెంపదెబ్బ" అంది అక్క. "గుండ్రంగ తిప్పుకుంట కొట్టు. పెద్ద రొట్టె."

మళ్ళీ తట్టాను. తప్… తప్… పక్కనే, అదే బండ మీద, నా చప్పుడు. గోడ అవతలి నుంచి అవ్వ చప్పుడు. రెండూ నేల కింద ఎక్కడో ఎదురెదురుగా పొట్టేళ్ళలా గుద్దుకున్నాయి. అక్క కాలు కాసేపు ఎటు పోవాలో తెలియక వణికింది. చక్రం సగం తిరిగి ఆగింది. వెనక్కి తిరుగుతుందనుకున్నాను. తిరగలేదు. నా తట్టు దగ్గరిది. కాలు నా వైపు వచ్చేసింది.

అంగడి జనం చూశారు. చూడరా మరి? మేకలు కొనడానికి వచ్చినవాడు మేకను వదిలేసి వచ్చాడు. మేక కూడా వచ్చింది.

"ఏమన్నా, పెండ్లాన్ని తెచ్చుకుంటవనుకుంటే నువ్వే పెండ్లామైతివా?" అన్నాడొకడు.

"రొట్టెకు తోడు మామిడి తొక్కేమన్న పెడ్తవా?" అన్నాడింకొకడు.

నా చెవులు కాలిపోయాయి. చేతులు జోరందుకున్నాయి. అక్క తలెత్తకుండానే అరిచింది.

"కోపం చేతులకు రానియ్యకు! నోటితోని తిట్టుకో, చేతులతోని మెల్లగ కొట్టు."

అది నాకు ఎంత నచ్చిందో చెప్పలేను. నోటిని వదిలేశాను. ఒక తట్టుకు ఒక తిట్టు. మామతో మొదలుపెట్టాను. మామ… నియమం… నువ్వే… పెడ్తివి… నువ్వే… తింటివి. నీ పులి… నిన్ను… ఆ తొవ్వల్నే… తినకపాయె. అక్కడి నుంచి బావ మీదికి, గడ్డి మీదికి, దొర మీదికి, దొర గుర్రం మీదికి, మఖ్మల్ నేసినవాడి మీదికి, జరీ కనిపెట్టినవాడి ముత్తాత మీదికి పోయాను. జీవితంలో అంత మెల్లగా, అంత స్పష్టంగా, ఒక్క మాట పొల్లు పోకుండా నేను ఎన్నడూ తిట్టలేదు. జనం నవ్వడం మానేసి వినడం మొదలుపెట్టారు. కొందరు తల కూడా ఊపారు. వాళ్ళకూ మామలున్నారు కదా.

తట్టిన రొట్టెలు పేరుకున్నాయి. గుంపులో ఎవరో వాటిని చేతుల మీదుగా అవ్వ పెనానికి అందించారు. గోడ అవతలి నుంచి అవ్వ గొంతు వచ్చింది.

"మందంగున్నయ్‌రా, సచ్చినోడా! అయినా పోతున్నయ్ తియ్యి. ఇంక రెండు కొట్టు!"

అప్పుడు మామ వచ్చాడు. తన పేరు అంత తాళబద్ధంగా వినబడుతుంటే ఎంతసేపని ఆకు నములుతాడు?

"ఏందిరా గీ తమాష? బజార్ల నా ఇజ్జత్ తీస్తుండ్రా ఇద్దరు గలిసి?"

"పెద్ద రొట్టె, మామా" అన్నాను తడుతూనే. "అంగడినాడు దొరకదు గదా. మేమే చేసుకుంటున్నం."

"లే! లేస్తవా లేదా?"

కాలితో పీటను తన్నబోయాడు. అక్క కాలు ఆగలేదు, చేయి ఆగలేదు, చూపు సూది మీద నుంచి కదల్లేదు. కానీ ఆమె గొంతు మాత్రం నేను ఎప్పుడూ వినని గొంతు.

"మామా, పీట జోలికి రాకు. పందెం నువ్వు పెడ్తివి, నేను కుడ్తున్న. పక్కకు జరుగు, వెలుగు రానియ్."

మామ జరిగాడు. ఎందుకు జరిగాడో ఆయనకే తెలియదు. జరిగి, నిలబడి, పళ్ళు కొరుకుతూ చూశాడు. ఆయన పళ్ళు కూడా పెద్ద రొట్టె వేగంలోనే కొరికాడని నా నమ్మకం.

అంగడి సద్దుమణిగేసరికి అంచు పూర్తయింది. నా అరచేతులు అప్పడాల్లా ఉబ్బాయి. అక్క చట్రం విప్పింది. మఖ్మల్‌ను రెండు చేతులా పట్టుకుంది, కానీ తిప్పలేదు. బావ బండి దగ్గర నుంచి వచ్చి గడపలో నిలబడ్డాడు. మామ ముందుకు వంగాడు. నేను మొత్తం ఊరినే తిట్టడానికి సిద్ధంగా ఊపిరి బిగపట్టాను.

తిప్పింది.

తీగ ఆ కొస నుంచి ఈ కొస దాకా ఒక్క పసుపు చుక్క లేకుండా మెరిసింది. మామ గుడ్డను వెలుగులోకి లాగి, గోటితో అంచంతా గీరుకుంటూ పోయాడు. దొంగ కోసం సోదా చేసే పోలీసు కూడా అంత గీరడు. ఒకచోట ఆగాడు. మొహం వికసించింది.

"గిదేంది? గీడ పసుపు కనవడ్తుంది!"

అక్క వంగి చూసింది.

"గది మూడో అంచు మామా. నీ మేనల్లుడు కుట్టింది."

ఆ మాట ఇప్పటికీ నాకు గుచ్చుకుంటుంది. అక్క కోసం నడిబజారులో రొట్టెలు తట్టిన తమ్ముణ్ణి, అదే బజారు ముందు, అదే నోటితో! కానీ మామ మొహంలోని ఆ వికాసం వాడిపోవడం చూశాక ఆ ఒక్కసారికీ క్షమించాను.

బావ ఇంకా గడపలోనే ఉన్నాడు. మామ వైపు చూశాడు. మామ గుడ్డ మడత పెట్టే నెపంతో అటు తిరిగాడు. బావ అక్క వైపు చూశాడు.

"మరి రావా?" అన్నాడు.

"రాను."

"గడ్డి కూడ పరుసుకొస్తి గదనే."

"ఎడ్లకెయ్యి. తింటయ్."

బావ వెళ్ళి, బండిలోని గడ్డి నిజంగానే ఎడ్ల ముందు వేశాడు. అవి తినేదాకా ఆగాడు. పోతూ పోతూ అవ్వ దగ్గర మిగిలిన రొట్టెలు, అంటే నా రొట్టెలే, దారిలోకి కట్టించుకున్నాడు. మందంగా ఉన్నాయని గొణిగాడు కూడా. ఆ మనిషికి నా చేత్తో తిండి పెట్టి పంపవలసి వచ్చిందని తలుచుకుంటే ఇవాళ్టికీ నాకు నిద్ర పట్టదు.

బండి మలుపు తిరిగాక మామ గొంతు సవరించుకున్నాడు. మాలో ఎవరినీ చూడకుండా, గోడకు చెబుతున్నట్టు అన్నాడు:

"అందుకే నేను మొదటికెల్లి చెప్తున్న, అంగడినాడు జరీ ముట్టొద్దని."

నేను పీట ఎత్తాను. అక్క నా చేయి పట్టుకుంది. లేకపోతే నేను ఈ జ్ఞాపకాలను జైల్లో కూర్చుని రాసేవాణ్ణి.

ఆ గుంపులో కల్హేర్ పిల్ల తండ్రి కూడా ఉన్నాడని నాకు తరువాత తెలిసింది. సంబంధం తప్పిపోయిందనుకున్నాను. తప్పలేదు. పిల్లనిచ్చాడు. ఆ పిల్ల కాపురానికి వచ్చిన నాటి నుంచి ఇంట్లో జొన్నరొట్టె తట్టడం ఎవరి పనో చెప్పమంటే చెప్పను, మీరే ఊహించుకోండి. ఊహించుకుని నవ్వారో, మీ ఇంటి చిరునామా కనుక్కుంటాను.

ఆ పందెం జరిగిన మరుసటి వారమే మళ్ళీ అంగడి రోజు వచ్చింది. నేను రుమాళ్ళు సర్దుకుని కూర్చోబోతుంటే అక్క ఎదురొచ్చింది. దొర ఇంటి నుంచి రెండో గుర్రానికి కూడా గుడ్డ వచ్చిందట. మామ నోరెత్తకుండా జరీ ఉండ ఆమె ముందు పెట్టి, ఎదుటి అరుగు మీదికి పోయాడట. దుకాణంలో వేగాల పేర్లలో ఇంకోటి చేరింది, 'తమ్ముని రొట్టె' అని. అవ్వ గోడ అవతలి నుంచే దాన్ని విని పకపకా నవ్వింది.

"పిండి కలిపి పెట్టిన" అంది అక్క, తన మిషన్ ముందు కూర్చుంటూ. "కూసో."

తిట్టుకుంటూ కూర్చున్నాను. తిట్లు మాత్రం, ఏం చేయను, జరీకి సరిపోయే వేగంలోనే వచ్చాయి.